పొద్దుటి ఇంజను, మధ్యాహ్నపు ఇంజను

సంపాదకులకు,

సొంతంగా విమానాలు కట్టుకునే కుర్రాళ్లను అధికారులు ఏళ్ల తరబడి తిప్పుకుంటున్నారని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ కోపంలో న్యాయముంది. ముంబయిలో అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన ఆరు సీట్ల విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ అయితే, ఎగరేసి చూసుకునే అనుమతి 2019లో గానీ రాలేదు. కానీ ఇంజను స్టార్టయింది, చక్రాలు లేచాయి, ఇంకేం కావాలన్న ధోరణి ఉంది చూశారా, అక్కడే నాకు పేచీ.

నేను నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఆయిలింజన్లు, స్ప్రేయర్లు బాగుచేసేవాణ్ణి. ఒకసారి నిమ్మతోటకు మందుకొట్టే స్ప్రేయరు ఇంజను విప్పి బిగించి, షాపులో పొద్దున్నే పది నిమిషాలు తిప్పి చూపించాను. కుట్టుమిషన్‌లా నడిచింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలకు తోటలో లోడు పడేసరికి ముక్కి మూలిగి ఆగిపోయింది. రైతు దాన్ని మోపెడ్ వెనక కట్టుకొచ్చి నన్ను కడిగిపారేశాడు. నేలమీది ఇంజను కాబట్టి తిట్లతో పోయింది.

మధ్యాహ్నపు వేడిగాలి పలచన. 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగితే, మన 43 డిగ్రీల ఎండలో 1.12 కిలోలే. ఇంజను పీల్చేదీ, రెక్కకు ఆనేదీ, ప్రొపెల్లరు తోసేదీ ఆ పలచటి గాలినే. 3,079 అడుగుల ఉదయగిరి దుర్గం ఎత్తుకు పోతే ఇంకా పలచన. రైట్ సోదరుల 1903 నాటి ఇంజను స్టార్టయిన కొత్తలో 16 హార్స్‌పవర్ దాకా ఇచ్చి, వేడెక్కగానే 12కి జారేది. వాళ్లు ఆ 12నే లెక్కలోకి తీసుకున్నారు. మనవాళ్లయితే 16 అని ఫ్లెక్సీ కట్టేవాళ్లు!

పెట్రోలు సంగతీ అంతే. విమానం ముక్కెత్తి ఎక్కేటప్పుడు ట్యాంకుకూ కార్బురేటరుకూ మధ్య ఎత్తు తేడా మారిపోతుంది. అందుకే నేలమీదే ముక్కు ఆ వాటంలో పైకెత్తి నిలబెట్టి, కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి, బకెట్టు పెట్టి కొలుస్తారు. పంపు లేకుండా దానంతటది జారే పెట్రోలైతే, ఇంజను నిండు జోరులో తాగేదానికి ఒకటిన్నర రెట్లు పడాలి. బకెట్టు, గడియారం ఉంటే చాలు, దీనికి ఏ అధికారి సంతకమూ అక్కర్లేదు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల చేతివాటం చూశాను, వాళ్లకు ప్రొపెల్లరు చెక్కడం ఓ లెక్క కాదనిపిస్తుంది. అయితే విమానాన్ని కట్టేసి తిప్పినప్పుడు ప్రొపెల్లరు నిమిషానికి తిరిగే చుట్లు వేరు, గాలిలో వేగం అందుకున్నాక అదే ప్రొపెల్లరు తేలికై తిరిగే చుట్లు వేరు. ఈ తేడా ఎగిరి రాసుకుంటే తప్ప తెలియదు. రాసుకోవాల్సినవి ఇవీ: ఒక్కో వేగంతో ఐదొందల అడుగులు ఎక్కడానికి ఎన్ని సెకన్లు పట్టింది, సిలిండరు హెడ్డు ఎంత కాగింది, ఆయిల్ ప్రెజరు ఎంత పడింది, అప్పుడు ఎండ ఎంత. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానానికి ఇలాంటి పరీక్షలకే మామూలుగా 25 నుంచి 40 గంటలు ఎగరాలి, అదీ జనం మెసలని చోట, ప్రయాణికులు లేకుండా.

శ్రీహరికోట రాకెట్లను ఎరిగిన నెల్లూరు వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం ఇస్రో నాలుగు సీఈ20 రాకెట్ ఇంజన్లను 39 సార్లు, మొత్తం 8,810 సెకన్లు మండించి చూసింది. నిబంధన అడిగింది 6,350 సెకన్లే.

కాబట్టి ఆ కుర్రాళ్ల తరఫున అడగాల్సింది పరీక్షల మినహాయింపు కాదు, పరీక్షించుకోవడానికి ఊళ్లకు దూరంగా ఒక రన్‌వే, తేల్చి చెప్పే గడువు. ఈసారి మీ విలేకరి అలాంటి కుర్రాడి దగ్గరికి వెళ్తే, ఫొటో తీసేముందు నోటుబుక్కు చూపించమనండి. అందులో పొద్దుటి అంకెలు ఎలాగూ ఉంటాయి. మధ్యాహ్నం రెండు గంటలవి ఉన్నాయో లేదో చూడమనండి.

ఇట్లు,
ఒక మెకానిక్కు, ఆత్మకూరు