బండి రేకు – ఇత్తడి పళ్ళెము

మా బావగారు గుడియాత్తం లుంగీ బేళ్ళను పికప్ బండిలో వేసుకొని రోజూ పళ్ళికొండ మీదుగా వేలూరు వచ్చి పోతుంటారు. కొంతకాలంగా ఇంటిలో ఆయన మాట గట్టిపడినది. పిల్లలు కోపమనుకొని దూరంగా ఉండేవారు. కోపము కాదు, వినికిడి తగ్గినదని చెవి డాక్టరు చెప్పిన తరువాత తెలిసినది.

85 డెసిబెళ్ళ చప్పుడులో రోజుకు 8 గంటలు, 88 అయితే 4 గంటలు మించరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. అట్టి మోతకు పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇత్తడి పళ్ళెమును గరిటెతో కొట్టి అరచేయి ఆనించండి, మోత ఆగిపోతుంది. బండి తలుపు రేకూ అటువంటిదే. అల్యూమినియం పొర గల బ్యూటైల్ రబ్బరు పట్టీ ఆ అరచేయి పని చేస్తుంది. రేకులో నాలుగవ వంతు కప్పినా ఫలితము కనబడుతుంది. జిడ్డు, దుమ్ము తుడిచి, రోలరుతో అదిమి అంటించాలి. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలను మూయరాదు, తుప్పు పడుతుంది. చవక గదా అని ఇంటికప్పుకు వేసే తారు పట్టీ వేస్తే మన వేలూరు ఎండకు మెత్తబడి వాసన కొడుతుంది. గాలి హోరుకు మాత్రము తలుపు చుట్టూ ఉన్న పాత రబ్బరు మార్చవలసినదే.

రెండు ఆదివారాలు మేమూ బావగారూ కూర్చొని ఈ పని ముగించాము. ఇంజను మోత ఉన్నది గాని రేకుల అదురు తగ్గినది. మిగిలిన వినికిడినైనా కాపాడుకోవాలి గదా! బండి నడిపేవారున్న ఇళ్ళలో, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ముందు చెవి చూపించండి, తరువాత కోపగించుకోవచ్చును.