పేరు చెప్పడం వచ్చింది, అడగడం రాలేదు

తెలంగాణలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఆ నిర్ణయం మంచిదా, కాదా అన్న చర్చ అట్లా ఉంచుదాం. జగిత్యాల జిల్లా పల్లెల్లో ఇప్పుడు చిన్న పిల్లలు సైతం ‘వాట్ ఈజ్ యువర్ నేమ్?’ అంటే తడుముకోకుండా జవాబు చెబుతున్నారు. తల్లిదండ్రులు మురిసిపోతున్నారు. అయితే అదే పిల్లవాణ్ణి నిలబెట్టి ‘వచ్చిన సారును ఇప్పుడు నువ్వు పేరు అడుగు’ అంటే నోరు పెగలడం లేదు. ఎక్కడో అయితే దీన్ని చిన్న లోపం అనుకోవచ్చు. దుబాయికి, మస్కట్‌కు, కువైట్‌కు ఏళ్ల తరబడి మనుషులను పంపుతున్న జిల్లాలో మాత్రం ఇది చిన్న లోపం కాదు.

లోపం పిల్లల్లో లేదు. ఉపాధ్యాయుడు అడగడం, తరగతి తరగతంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పడం అలవాటైపోయింది. ఏడాది పొడుగునా అడిగేది ఒక్కరే. ఆ ప్రశ్నలైనా ఎక్కం చదివినట్టు ఒకే వరుసలో సాగుతాయి: పేరు, తరగతి, తండ్రి పేరు, ఊరు. వరుస మార్చి ముందుగా ఊరు అడిగితే పిల్లవాడు పేరు చెబుతాడు. దీన్ని కంఠస్థం అనాలే తప్ప మాట్లాడడం అనలేం.

తెలుగులో ప్రశ్నకూ జవాబుకూ మధ్య దూరం తక్కువ. ‘నువ్వు ఎక్కడ ఉంటావు?’ అంటే ‘ఎక్కడ’ ఉన్నచోట ‘కోరుట్లలో’ అని పెట్టి, ‘ఉంటావు’ను ‘ఉంటాను’ చేస్తే జవాబు సిద్ధం. ఇంగ్లీషులో అట్లా కుదరదు. ‘వేర్ డు యు లివ్?’ అన్నప్పుడు ప్రశ్న మాట ముందుకు వస్తుంది, దాని వెనకే ‘డు’ అని మరో మాట వచ్చి నిలబడుతుంది. జవాబులో ఆ రెండూ తప్పుకొని ‘ఐ లివ్ ఇన్ కోరుట్ల’ మిగులుతుంది. ‘నా పేరు రాజు’ అనడానికి మనకు క్రియే అక్కరలేదు. వారికి ‘ఈజ్’ లేకపోతే వాక్యం నిలవదు. వయసు సంగతి మరీ చిత్రం. మనం ‘నాకు పదేళ్లు’ అంటాం. వారు ‘నేను పదేళ్ల వాణ్ణి’ అన్న తీరులో ‘ఐ యామ్ టెన్’ అంటారు. అడగడమేమో ‘హౌ ఓల్డ్ ఆర్ యు?’ అని. ‘ఓల్డ్’ అంటే ముసలి అని అంతకుముందే నేర్చుకున్న పిల్లవాడు బిత్తరపోతే తప్పు వాడిది కాదు. ఈ తేడాలు ఒక పూట తెలుగులో విడమరచి చెబితే పిల్లలు తేలిగ్గా పట్టుకుంటారు. ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది కనుక తెలుగులో వివరించడమే తప్పన్నట్టు కొందరు భావించడం విచారకరం.

మన మర్యాద కూడా కొంత అడ్డు వస్తున్నది. ‘ఎవరి పిల్లగానివిరా?’ అని పెద్దలు పిల్లలను అడుగుతారు గాని, పిల్లలు పెద్దల పేరు అడగడం మన ఊళ్లలో పెంకితనం కింద లెక్క. ఇంగ్లీషులో నువ్వుకూ మీరుకూ కలిపి ‘యు’ ఒక్కటే ఉన్నందున పిల్లలకు మరింత బెరుకు. ‘మే ఐ నో యువర్ నేమ్, సార్?’ అనే మన్నన గల మాట ఒకటి ఉన్నదని నేర్పితే ఆ బెరుకు సగం తగ్గుతుంది. దీనికి తిరుగుబాటుగా మరో సంగతి ఉంది. బస్సులో పక్కన కూర్చున్నవారిని ‘జీతమెంత? పిల్లలెందరు?’ అని అడగడం మనకు ఆప్యాయత. ఇంగ్లీషు మాట్లాడే చాలా దేశాల్లో కొత్తవారిని జీతం అడిగితే ముఖం చిట్లిస్తారు. ఇదీ ఆ పాఠంలో చెప్పవలసిన సంగతే.

తండ్రి ఏం చేస్తాడు, తల్లి ఏం చేస్తుంది అన్న ప్రశ్న దగ్గర మరికొంత ఆగాలి. పిల్లలకు సాధారణంగా నేర్పే జవాబులు ఫార్మర్, టీచర్, డాక్టర్. తల్లి అయితే హౌస్‌వైఫ్. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే తల్లి గురించి కొడుకు ‘మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్’ అని అప్పజెబుతున్నాడు. ‘మై మదర్ రోల్స్ బీడీస్’ అనడం కష్టమైన ఇంగ్లీషేమీ కాదు. ‘మై ఫాదర్ వర్క్స్ ఇన్ దుబాయ్’ అనడమూ అంతే. కూలికి పోయే తండ్రి కొడుకు సిగ్గుపడి రైతు అని చెబుతుంటే, వాడికి ఇంగ్లీషుతోపాటు అబద్ధం కూడా నేర్పినట్టవుతుంది. ఇక తండ్రి లేని పిల్లలున్నారు. వారిని నలుగురిలో లేపి ఈ ప్రశ్న వేసే ముందు ఉపాధ్యాయులు ఇంటి సంగతి తెలుసుకొని ఉండడం ఎంతైనా అవసరం.

బడి దాటితే ఈ ప్రశ్నలే కాగితాలపై ఎదురవుతాయి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఇంగ్లీషువారికి సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. అందుకే వారి ఫారాల్లో ‘ఫస్ట్ నేమ్’ అంటే సొంత పేరు, ‘లాస్ట్ నేమ్’ అన్నా ‘సర్‌నేమ్’ అన్నా ఇంటిపేరు. ముందు వచ్చేదే ఫస్టు కదా అని ఇంటిపేరు అక్కడ రాసినవాణ్ణి పరదేశంలో ఇంటిపేరుతోనే పిలుస్తారు; ఆధార్‌లో ఒక తీరు, పదో తరగతి మెమోలో ఒక తీరు, పాస్‌పోర్టులో మరో తీరు పడితే సవరణల కోసం ఆఫీసుల చుట్టూ తిరగక తప్పదు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా ఉండి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవారిని విజిట్ వీసాపై రానివ్వబోమని ప్రకటించింది. తరవాత కొంత సడలింపు వచ్చింది గాని, గడి ఖాళీగా వదలడం ఎంత పని చేస్తుందో తెలిసివచ్చింది. పుట్టిన తేదీ కూడా ఇంతే. మనం ముందు రోజు రాస్తాం, అమెరికావారు ముందు నెల రాస్తారు. 03-04 అని రాస్తే మనకు ఏప్రిల్ 3, వారికి మార్చి 4. నెల పేరును అక్షరాలలో రాయడం నేర్పితే ఈ చిక్కు ఉండదు.

అడగడం రాకపోవడం వల్ల నష్టం ఎక్కడంటే, పని చూపిస్తామని వచ్చేవారి ఎదుట. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశాలకు కూలీలను పంపే ఏజెంటు రిజిస్టరై ఉండాలి. ‘మీ పేరేమిటి? మీ లైసెన్సు నంబరెంత? కంపెనీ పేరేమిటి, ఏ ఊళ్లో ఉంది?’ అని తెలుగులోనైనా నిలదీసేవారు తక్కువ. అక్కడికి పోయాక అవే ప్రశ్నలు ఇంగ్లీషులో అడగాలి. మేనేజరు పేరు, ఫోను నంబరు, తన పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది అన్న మూడు సంగతులు అడిగి తెలుసుకోలేనివాడు కష్టం వచ్చినప్పుడు రాయబార కార్యాలయానికి ఫోను చేసినా ఏం చెప్పగలడు?

జవాబు చెప్పకూడని ప్రశ్నలూ ఉన్నాయి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఇంగ్లీషులో గలగలా అడుగుతూ ఓటీపీ రాబట్టే మోసగాళ్లకు, అడిగిందానికల్లా జవాబు చెప్పడమే నేర్చినవారు సులువుగా చిక్కుతారు. ‘సారీ, ఐ కెనాట్ టెల్ దట్’ అనే వాక్యం కూడా పాఠంలో భాగం కావాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలని పిల్లలకు చెబితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

ఇందుకు కొత్త పథకాలు, నిధులు అక్కరలేదు. రోజుకు పది నిమిషాలు పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఒకరినొకరు అడిగించాలి; మరునాడు జోడీ మార్చాలి. పక్క తరగతివారిని, వంట చేసే అమ్మను, చివరకు ప్రధానోపాధ్యాయులనే పిల్లలు ఇంగ్లీషులో పలకరించి వివరాలు రాసుకురావాలి. దుబాయి నుంచి తిరిగి వచ్చిన వారు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఒక పూట బడికి పిలిస్తే, విమానాశ్రయంలో తమను ఏమడిగారో, తాము ఏమి అడగలేకపోయారో వారే చెబుతారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత నెలకొకసారి నిజమైన ఫారం నింపించాలి. డబ్బు తీసే ఫారాలు, ఖాతా తెరిచే ఫారాలు పోస్టాఫీసులో అడిగితే ఉచితంగానే ఇస్తారు.