ఏడుపు పాటలా? ఓదార్పు పాటలా?

ఇంట్లో ఒక పాట మోగుతోందంటే నలుగురివీ నాలుగు మాటలు కదండీ! పిల్లలు పెట్టుకున్న పాట పెద్దలకు గోల. పెద్దలు మెచ్చిన పాట పిల్లలకు నిద్రమందు. అందులోనూ ఆ పాట కాస్త దిగులుగా ఉందనుకోండి, "పొద్దున్నే ఏమిటా ఏడుపు పాట, ఆపు ముందు!" అనే కేక వంటింట్లోంచి వచ్చి తీరుతుంది. అలాంటి ఒక దిగులు పాటల ఆల్బమ్ గురించీ, దాని మీద అభిమానులు యాభై ఏళ్ళుగా పడుతున్న తగవు గురించీ ఈ వారం మీతో ముచ్చటించాలని ఉంది. పాటలు ఇంగ్లీషువైనా తగవు మాత్రం అచ్చం మన ఇళ్ళలో జరిగేదే.

ఆల్బమ్ పేరు బ్రైటర్ లేటర్. ఇంగ్లండులో 1971లో వచ్చింది. పాడినవాడు నిక్ డ్రేక్. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. కేంబ్రిడ్జిలో చదువు మధ్యలోనే మానేసి పాటల్లో పడ్డాడు. జానపదపు బాణీకి గిటారు, డ్రమ్స్ జోడించి పాడే ఈ తరహాని ఫోక్ రాక్ అంటారు. ఆ ఆల్బమ్ పేరుకి ఒక చమత్కారం ఉంది. అక్కడి వాతావరణ వార్తల్లో ముసురు పట్టిన రోజున "కాసేపయ్యాక తెరిపి ఇస్తుంది" అన్న అర్థంలో వాడే మాట అది. స్పెల్లింగు మాత్రం పాతకాలపుదిలా మార్చి పెట్టాడు. దిగులు పాటలకి "తెరిపి ఇస్తుంది" అని పేరు పెట్టడం చూశారా? వెటకారమా, నమ్మకమా? తగవు పేరు దగ్గరే మొదలవుతుంది.

ఇందులో పాటలు 10. వాటిలో మూడింటికి మాటలే లేవు, ఒట్టి వాద్యాలే. ఆల్బమ్ మొత్తం మీద వయొలిన్లు, వేణువు, శాక్సోఫోన్, డ్రమ్స్ అన్నీ ఉన్నాయి. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే పేరున్న ఫోక్ రాక్ బృందంలోని వాళ్ళు వచ్చి డ్రమ్స్, బేస్ గిటారు వాయించారు. కేంబ్రిడ్జి స్నేహితుడు రాబర్ట్ కిర్బీ వయొలిన్ల వరసలు కట్టాడు. వీటన్నిటి మధ్యా నిక్ గొంతు చాలా మెత్తగా, పక్క గదిలో ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు ఉంటుంది.

అభిమానుల్లో ఒక వర్గం ఏమంటుందంటే, "ఇన్ని వాద్యాలు ఎందుకు? ఆ అబ్బాయి గిటారు, గొంతు చాలు కదా! ఇంత హంగు చేసి ఆ బాధని కప్పెట్టేశారు" అని. రెండో వర్గం ఒప్పుకోదు. "ఊరంతా వెలుగుతో, సందడితో ఉంటే మధ్యలో ఒక్కడు ఒంటరిగా నడుస్తున్నట్టుంది. ఆ హంగు ఉండబట్టే ఒంటరితనం తెలుస్తోంది" అంటారు వీళ్ళు.

తమాషా ఏమిటంటే, ఈ తగవు ఆల్బమ్ చేసినవాళ్ళ మధ్యే ఉంది. దీన్ని తీసిన జో బాయిడ్, తను చేసిన రికార్డుల్లో మళ్ళీ ఏమీ మార్చాలనిపించనిది ఇదేనని తరువాత చెప్పుకొచ్చాడు. పాడిన అబ్బాయికి మాత్రం హంగు ఎక్కువైందనే అనిపించింది. అందుకని 1971 అక్టోబరులో లండన్ స్టూడియోకి వెళ్ళి, సౌండ్ ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కడే తోడుగా, రెండే రెండు రాత్రుల్లో తరువాతి ఆల్బమ్ పింక్ మూన్ పాడేశాడు. పాటలు 11, మొత్తం 28 నిమిషాలు. గిటారు, గొంతు, ఒక్క పాటలో మటుకు కాస్త పియానో. అంతే!

మన భాషలో చెప్పుకోవాలంటే పింక్ మూన్ వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి. బ్రైటర్ లేటర్ ఏమో అన్ని ముక్కలూ పడి, ఇంగువ తాలింపు ఘుమఘుమలాడే దప్పళం. ముద్దపప్పు ఇష్టమైనవాళ్ళు దప్పళాన్ని తిట్టనక్కర్లేదు. కానీ తిడతారు. అదే కదా అభిమానమంటే!

ఇంకా పెద్ద గొడవ పూర్ బాయ్ అనే పాట మీద. అందులో అబ్బాయి తన గోడు తను చెప్పుకుంటుంటే వెనకనుంచి పి.పి. ఆర్నాల్డ్, డోరిస్ ట్రాయ్ అనే ఇద్దరు గాయనులు అతన్ని జాలిపడుతున్నట్టూ, ఆటపట్టిస్తున్నట్టూ వంత పాడతారు. "ఈ వంత పాట పాడు చేసింది" అని కొందరి కోపం. "తనని చూసి తనే నవ్వుకుంటున్నాడు, ఆ మాత్రం తెలియదా?" అని ఇంకొందరు. నాకైతే బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడు కంటతడి పెట్టిస్తుంటే పక్కనున్న హాస్యపు వంత ఓ విసురు విసరడూ? దానివల్ల కథలో బాధ తగ్గుతుందా? వినేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, మళ్ళీ మనసు పెట్టి వింటారు. అందుకని నేను రెండోవాళ్ళ పక్షం.

మా ఇంటి సంగతి కూడా చెప్పేస్తాను. ఈ పాటలు మా ఇంటికి తెచ్చింది డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి. నాకు అర్థం కాని మాటలకి అర్థం చెప్పేదీ తనే. తను పింక్ మూన్ పార్టీ. గిటారు నేర్చుకుని సగంలో వదిలేసిన మా తమ్ముడు బ్రైటర్ లేటర్ పార్టీ. "అక్కా, ఆ డ్రమ్స్ విను, ఎంత ఒద్దికగా ఉన్నాయో" అంటాడు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఒకరోజు బీన్స్ తుంచుతూ పాటలన్నీ విని, "పిల్లాడు బాగానే పాడుతున్నాడు గానీ, ఎవరైనా దగ్గర కూర్చుని అన్నం పెడితే బాగుండును" అన్నారు. అభిమానులు ఎన్ని పేజీలు రాసినా ఇంతకన్నా ఏం చెబుతారు చెప్పండి!

అలాగని అన్నీ దిగులు పాటలే అనుకునేరు. నార్తర్న్ స్కై అని ఒక పాటుంది. జాన్ కేల్ అనే సంగీతకారుడు చిన్న గంటలు మోగినట్టుండే సెలెస్టా, ఆర్గన్, పియానో వాయించాడు. అది ప్రేమ పాట, ఆశ ఉన్న పాట. అయినా సరే, కొందరు దాన్ని కూడా ఏడుపు పాటల్లోనే జమ కడతారు. ఎందుకంటే వాళ్ళకి అతని కథ చివర ఏమైందో ముందే తెలుసు.

ఆ కథేమిటంటే, అతని ఆల్బమ్‌లు మూడూ బతికున్నన్నాళ్ళు అమ్ముడుపోలేదు. ఏదీ ఐదు వేల ప్రతులు దాటలేదంటారు. జనం ముందు పాడాలంటే బెదురు. మనసు కుంగిపోయే జబ్బు ముదిరింది. పల్లెటూళ్ళో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చాడు. మందులు వాడాడు. 1974 నవంబరులో ఆ ఇంట్లోనే, 26 ఏళ్ళకి చనిపోయాడు. ఆత్మహత్యేనని విచారణలో తేల్చారు. అలా కాదేమో అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇది తెలిశాక పాట వినే తీరే మారిపోతుంది. ప్రతి మాటలోనూ చావు కనిపిస్తుంది. నవ్వులాటకి రాసిన మాట కూడా సూచనలాగే తోస్తుంది. ఇది న్యాయం కాదని నాకనిపిస్తుందండీ. 22 ఏళ్ళ కుర్రవాడు ఆ పాటలు కట్టినప్పుడు రేపటి సంగతి అతనికి తెలియదు కదా! ఒక మనిషి జీవితాన్నంతా అతని ఆఖరి రోజులోంచే చూడటం, మిగిలిన రోజులన్నిటినీ కొట్టిపారెయ్యడమే.

ఇక్కడ మనకి దగ్గరైన సంగతి ఒకటుంది. నిక్ పుట్టింది ఇంగ్లండులో కాదు. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు "రంగం" అనేవాళ్ళే, ఆ రంగూన్‌లో, 1948లో. తండ్రి రాడ్నీ అక్కడ ఒక కంపెనీలో ఇంజనీరు. తల్లి పేరు మాలీ. 1942లో జపాన్ సేనలు బర్మా మీద పడ్డప్పుడు మనవాళ్ళెందరో కట్టుబట్టలతో, కాలినడకన రంగం నుంచి తిరిగొచ్చారు. ఆ ఏడాదే మాలీ కూడా బర్మా వదిలి ఢిల్లీలో బంధువుల ఇంటికి చేరింది. అక్కడ తోబుట్టువుతో కలిసి ఆకాశవాణిలో పాడింది! మన అమ్మలు, అమ్మమ్మలు చెవులప్పగించి విన్న ఆ ఆకాశవాణే.

ఆ తరువాత ఆవిడ గృహిణి అయింది. ఇద్దరు పిల్లలు. ఇంట్లో పియానో ముందు కూర్చుని తన పాటలు తనే రాసుకుని, తనే వరస కట్టుకుని పాడుకునేది. భర్త వాటిని 1950లలో ఇంట్లోనే టేపు మీద రికార్డు చేసి పెట్టాడు. అవి ఆల్బమ్‌గా జనం చేతికొచ్చింది 2013లో. ఆవిడ పోయి అప్పటికి 20 ఏళ్ళు. వాటిని విన్న అభిమానులు ఆశ్చర్యపోయారు. ఆ దిగులు, ఆ మెత్తదనం, కొడుకు పాటల్లో ఉన్నదంతా అమ్మ పాటల్లో ముందే ఉంది!

ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. దిగులు పాట మనిషిని చంపేదే అయితే, అలాంటి పాటలే పాడుకున్న మాలీ ఎలా బతికింది? ఇల్లు నడిపింది, పిల్లల్ని పెంచింది, కొడుకు పోయాక కూడా దాదాపు 19 ఏళ్ళు ఉంది. ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చిన కొడుకు అభిమానుల్ని భార్యాభర్తలిద్దరూ ఇంట్లోకి పిలిచి, కూర్చోబెట్టి, అతని టేపులు కాపీ చేసి ఇచ్చేవారట. జబ్బు వేరు, పాట వేరండీ. జబ్బుకి డాక్టరు కావాలి. పాటకి వినే మనిషి కావాలి.

పోయిన పాతికేళ్ళకి ఆ వినే మనుషులు వచ్చారు. అమెరికాలో 1999 చివర ఒక వోక్స్‌వ్యాగన్ కారు ప్రకటనలో పింక్ మూన్ పాట వాడారు. దాంతో నిక్ ఆల్బమ్‌లు ఎప్పుడూ లేనంతగా అమ్ముడయ్యాయి. "కారు అమ్ముకోవడానికా ఆ పాట?" అని పాత అభిమానులు మండిపడ్డారు. "దానివల్లే కదా మాకు తెలిసింది" అన్నారు కొత్తవాళ్ళు. మళ్ళీ తగవు!

ఇంతకీ మనకేమిటి దీనివల్ల అంటారా? మన పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏం వింటున్నారో మనకి తెలియదు. అది దిగులు పాటని తెలిస్తే రెండే పనులు చేస్తాం. కసరడం, లేకపోతే కంగారు పడటం. మూడోది ఒకటుంది. పక్కన కూర్చుని, "ఏదీ, నాకూ వినిపించు. ఇందులో నీకేం నచ్చింది?" అని అడగడం. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఫరవాలేదు. "ఆ వేణువు లేకపోతేనే బాగుండేది" అనండి. వాళ్ళు ఎదురు చెబుతారు. చెప్పనివ్వండి! పాట మీద తగవు పెట్టుకునే పిల్ల మనతో మాట్లాడుతున్న పిల్ల. భయపడాల్సింది పాట మోగే గదిని చూసి కాదు, మాట ఆగిపోయిన గదిని చూసి.

తిండి, నిద్ర తప్పి, స్నేహితుల్ని వదిలేసి, ఇష్టమైన పాట మీద కూడా ఇష్టం పోయి రెండు వారాలు గడిచాయనుకోండి, "వయసు, అదే సర్దుకుంటుంది" అని ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి. ప్రాణం తీసుకుంటానన్న మాట నోట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగవద్దు. ప్రభుత్వంవారి టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అది పిల్లలకే కాదు సుమా, మనకి కూడా!

మన మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. పొయ్యి దగ్గర నిలబడి మీలో మీరు పాడుకునే పాట ఒకటి ఉంటుంది కదా, అది మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా? మాలీ పాటల్ని ఆవిడ భర్త టేపు మీద దాచబట్టి మనదాకా వచ్చాయి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోనుంది, రికార్డు చేయడం ఒక్క మీట నొక్కినంత పని. గొంతు బాగాలేదని సిగ్గుపడకండి. రేపెప్పుడో మీ మనవలు విని, "మామ్మ బాగా పాడింది" అని ఒకరూ, "అబ్బే, ఏడుపు పాట" అని ఇంకొకరూ పోట్లాడుకోనివ్వండి. ఆ పోట్లాటలో మీరు కూడా ఉంటారు.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం!