టికెట్ కొన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడింది. అరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్నారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మాయపల్లి ఒక్క పూటలోనే శోకంలో మునిగాయి. యాభై పైచిలుకు సీట్ల బస్సులో ఆ రోజు వందమంది దాకా ఉన్నారు. ప్రమాదం తర్వాత వినబడిన మాటల్లో గుండెను కోసిన మాట ఒకటుంది: అంతమంది ఎందుకెక్కారు?

అడిగినవాళ్లు అమాయకంగానే అడిగి ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక తీర్పుంది. బస్సు కిక్కిరిసిందని తెలుసు, అయినా ఎక్కారు, పైసలిచ్చి టికెట్ తీసుకున్నారు, కాబట్టి జరిగినదానిలో వాళ్లకూ భాగముందని. ఈ తీర్పును మేం ఒప్పుకోం. దవాఖానకు పోవాల్సిన ముసలమ్మ, పనికి పోవాల్సిన కూలి, సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లవాడు, ఆ బస్సు తప్పితే పొద్దు పోతుందని ఎక్కుతారు. ఏ రూటుకు ఎన్ని ట్రిప్పులు, ఎంత పాత బస్సు, ఏ దారి, ఎంతమందిని ఎక్కించుకోవాలి అన్నవి డిపోలో, ఆపై ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్‌భవన్‌లో తేలే సంగతులు. ప్రయాణికుడిని ఎవరూ అడగరు. ప్రమాదం తర్వాత డిపో మేనేజర్‌ను సస్పెండ్ చేశారంటే, బాధ్యత ఎక్కడుందో సర్కారుకూ తెలుసన్నమాటే.

మరుసటి ఏడాది ఇదే వాదన ఇంకో వేషంలో వచ్చింది. 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. తాత్కాలిక డ్రైవర్లతో సర్కారు కొన్ని బస్సులు నడిపింది. దసరాకు పుట్టింటికి పోయే ఆడబిడ్డ ఆ బస్సు ఎక్కింది. అంతమాత్రాన ఆమె కార్మికుల డిమాండ్లకు వ్యతిరేకి అయిపోతుందా? 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. డబ్బివ్వడమే మద్దతయితే, డబ్బివ్వని ఈ ప్రయాణికులను ఏ లెక్కలో వేస్తారు? ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఇంకో బస్సు వేయమని అడిగితే, ఉచితమే కదా అని నోరు మూయించడం ఏ న్యాయం?

బస్సు నుంచి చేనులోకి వద్దాం. ఆదిలాబాద్ పత్తి రైతుకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే వేరే విత్తనం దొరకని పరిస్థితి ఏర్పడింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన పలికేది. అందులో 1,250 దాకా మహికో-మోన్‌శాంటోకు చేరే రాయల్టీ. మిర్గం ముంచుకొస్తుంటే, చేతిలో పైసల్లేని రైతు అడ్తిదారు దగ్గర ఉద్దెర పెట్టి, అతను ఏ ప్యాకెట్ ఇస్తే అది తెచ్చుకుని విత్తాడు. రైతులు ఎగబడి కొంటున్నారంటే మా టెక్నాలజీని మెచ్చినట్టే కదా అన్నది కంపెనీల వైపు వాదన. పురుగును ఆపే గుణాన్ని రైతు మెచ్చి ఉండవచ్చు. ధరను ఏనాడూ మెచ్చలేదు. సరుకు నచ్చడం వేరు, దాన్ని అమ్మే పద్ధతి నచ్చడం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్ ముందుకు వెళ్లి ఆ రాయల్టీ అన్యాయమని కొట్లాడింది. ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. కొన్న రైతు నష్టపోయాడు కాబట్టే ఆ ఫిర్యాదుకు బలం వచ్చింది. కొన్నాడు కదా, ఇక మాట్లాడడానికేముంది అని ఆనాడు అందరూ ఊరుకుంటే, ఆ 1,600 అలాగే ఉండేది.

సుప్రీంకోర్టు కూడా ఈ దారిలోనే నడిచింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనంతో పంట నష్టపోయామని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012 జనవరిలో చెప్పింది. వినియోగదారుల ఫోరానికి వాళ్లు రాకూడదన్న సంస్థ వాదన నిలవలేదు. ఆ తీర్పు ప్రకారం కొనుగోలు రైతు నోటికి తాళం వేయదు, అడిగే హక్కునిస్తుంది.

మరి బహిష్కరణ అన్న ఆయుధం ఏం కావాలి? దానికి విలువుంది, అయితే దానికి ముందు ఇంకో దారి కావాలి. అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివారు 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజులు సిటీ బస్సులెక్కలేదు. అంతకు ముందురోజు వరకు టికెట్ కొని, వెనక సీట్లలో అవమానం దిగమింగుకుని తిరిగినవాళ్లే వాళ్లు. ఆ టికెట్లు వర్ణవివక్షకు మద్దతని ఎవరనగలరు? మానేసిన రోజున కార్లు పంచుకుని, కాలినడకన పోయి, ఒకరినొకరు మోసుకున్నారు. మన స్వదేశీ ఉద్యమం కూడా సీమగుడ్డ వద్దన్నప్పుడే చేతికి రాట్నమిచ్చింది. మెట్‌పల్లి ఖాదీని నేటికీ తలుచుకునే ఈ గడ్డకు ఇది కొత్త పాఠమేమీ కాదు. రాట్నం ఇవ్వకుండా గుడ్డ మానేయమంటే పేదవాడిని బరిబాత నిలబెట్టడమే.

అలాగని కొనేవాళ్లందరినీ ఒకే గాటన కట్టి వదిలేయలేం. పది దుకాణాల్లో ఎంచుకోగల స్తోమత ఉండి, కూలీల కడుపు కొట్టే కంపెనీ అని తెలిసి కూడా నాలుగు రూపాయలు తక్కువని అక్కడే కొనేవాళ్లకు బాధ్యత ఉంది. కంపెనీ వాటా కొన్నవాడికి ఇంకా ఎక్కువ ఉంది, ఎందుకంటే అతనికి లాభంలో పాలుంది, ఓటుంది. అందరికన్నా ఎక్కువ బాధ్యత సర్కారుది. బస్సులైనా, బడి యూనిఫాం గుడ్డయినా జనం సొమ్ముతో టెండర్ వేసి కొనేటప్పుడు, తక్కువ ధర ఒక్కటే చూసి సంతకం పెడితే ఆ కంపెనీ చేసే అన్యాయంలో సర్కారు భాగస్వామే. ఎంచుకునే వీలు ఎంతుంటే జవాబుదారీ అంత. ఆ వీలే లేని శనివారంపేట ప్రయాణికుడి మీద, ఆదిలాబాద్ పత్తి రైతు మీద ఆ బరువు వేయడం దుర్మార్గం.

ఆర్టీసీ ప్రతి పల్లె రూటుకూ ఎన్ని ట్రిప్పులు వేస్తోందో, ఏ బస్సు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో డిపో గోడ మీద రాసి పెట్టాలి. సీట్లకు మించి జనం ఎక్కుతున్న రూటులో ఇంకో బస్సు వేయడం ప్రయాణికుడి మీద దయ కాదు, సంస్థ చేయాల్సిన పని. వ్యవసాయ శాఖ వానాకాలానికి ముందే విత్తన దుకాణాల్లో తనిఖీలు చేయాలి. బిల్లు ఇవ్వని డీలర్ లైసెన్సు రద్దు చేయాలి. రైతన్నలకు మా మనవి ఒక్కటే: ఉద్దెరకు తెచ్చినా సరే, లాట్ నంబరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. విత్తిన తర్వాత ఖాళీ ప్యాకెట్‌ను కూడా పారేయకుండా, పత్తి అమ్మేదాకా దాచి ఉంచండి.