ఆవిరి పోవు త్రోవ

మోటారుకారునుండి నూనె నేలపై కారినయెడల యజమాని వెంటనే చూచి కలవరపడును. పెట్రోలు ఆవిరి గాలిలో కలిసిపోయినచో నెవ్వరును గమనింపరు. ముందుపలకపై ఇంజను దీపము వెలిగినను "బండి నడుచుచున్నది గదా" యని కొందఱు ఊరకుందురు. మఱికొందఱు మెకానిక్కువద్ద దీపమును మాత్రము ఆర్పించుకొని వత్తురు. ఇల్లలుకగానే పండుగ యగునా? లోపమును క్రమముగా వెదకి పట్టుటయే మరమ్మతని నా యభిప్రాయము.

ఎండవేడికి ట్యాంకులోని పెట్రోలు కొంత ఆవిరియగును. ఆ యావిరి గొట్టముద్వారా బొగ్గుడబ్బాలోనికి పోయి బొగ్గు కణముల నంటుకొని నిలుచును. విద్యార్థులారా, మీరు పాఠములో చదువు అధిశోషణ మిదియే. ఇంజను నడుచునపుడు ఒక కవాటము తెఱచుకొనగా, ఇంజను ఆ యావిరిని పీల్చి కాల్చివేయును.

ఇంత యేర్పాటు ఏల? పెట్రోలు ఆవిరిలోని బెంజీను కేన్సరు వ్యాధికి కారణమగు పదార్థము. అంతేగాక, ఆ యావిరి నైట్రజను ఆక్సైడులతో కలిసి యెండలో ఓజోనును పుట్టించును. లాస్ ఏంజిలీసు నగరమును క్రమ్మిన పొగను పరిశోధించి, ఆచార్య హాగెన్ స్మిట్ ఈ సంగతిని 1952లో వివరించెను. అమెరికాలో 1971 నాటి కార్లనుండి ఆవిరిని బంధించు సాధనము దేశమంతట విధిగా నుండెను. 1996 నాటి కార్లనుండి ఒక మిల్లీమీటరు రంధ్రమును, 2000 నుండి క్రమముగా అర మిల్లీమీటరు రంధ్రమును సైతము బండియే కనిపెట్టవలెనని నియమించిరి. మన దేశమున 2020 ఏప్రిలు 1నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనలును ఇట్టి యావిరికి మితి విధించినవి.

బండిలోని కంప్యూటరు గొట్టముల ద్వారములను మూయించి, లోపలి పీడనమును మార్చి, అది నిలుచునో లేదో చూచును. నిలువనిచో దీపమును వెలిగించి యొక సంకేతమును నిలువచేయును. పి 0455 అనగా పెద్ద లీకు, పి 0442 అనగా చిన్నది, పి 0456 అనగా మిక్కిలి చిన్నది. సంకేతము లీకు గలదని చెప్పునేగాని చోటు చెప్పదు. ఈ భేద మెఱుగక, ఊహించి విడిభాగములు మార్చుటవలననే ధనము వ్యర్థమగుచున్నది.

మొదట ట్యాంకు మూతను చూడవలెను. దాని రబ్బరు వలయము పగిలియుండవచ్చును, లేదా మూత సరిగా బిగియకుండవచ్చును. పిమ్మట రబ్బరు గొట్టములను, కవాటములను పరీక్షింపవలెను. అప్పటికిని దొరకనిచో పొగ పరీక్షయే శరణ్యము. యంత్రములో నూనెను కాచి పుట్టించిన పొగను మిక్కిలి స్వల్ప పీడనముతో గొట్టములలోనికి పంపి, అది వెలువడు చోటును టార్చిలైటుతో వెదకుదురు. నిప్పు లేనిదే పొగ రాదందురు. ఇచ్చట మాత్రము నిప్పును దూరముంచియే పొగను పంపవలెను. టైర్లకు గాలి నింపు పంపును దీనికి వాడరాదు. ఆ యొత్తిడికి మంచి భాగములును చెడును.

పరీక్షకు వ్యయమగునని కొందఱు ఆక్షేపింతురు. ఊహించి కొన్న భాగము లోపమును తీర్పనిచో, రెండవ భాగమునకును వ్యయమే గదా!

తలిదండ్రులకు రెండు మనవులు. పెట్రోలు బంకులో పంపు తనంతట ఆగిన పిమ్మట, లెక్క సరిపెట్టుటకై యింకను పోయింపకుడు. ద్రవ పెట్రోలు బొగ్గుడబ్బాలో చేరి దానిని చెఱచును. మరమ్మతు ముగిసినపుడు దీప మాఱినదా యని మాత్రమే యడుగక, లీకు ఎచ్చట దొరకినదో చూపుమని మెకానిక్కు నడుగుడు.