మల్లన్న ముంగిట ఒగ్గుకథ

కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగే జాతరలో, పంచరంగుల పట్నం ఎదుట ఒగ్గు పూజారుల కథాగానాన్ని పలుమార్లు విన్నాను. శివుని డమరుకమే ఒగ్గు. కథకుడు వచనం నుండి పాటలోకి, పాట నుండి సంభాషణలోకి అలవోకగా సాగుతుంటే డోలు, తాళాలు వెన్నంటి నడిచేవి. వంతపాటగాని చలోక్తులకు నిద్రమత్తు వదిలిపోయేది. ప్రబంధాలకు అలవడిన నా చెవికి సైతం ఆ వచనపు నడక అబ్బురంగా తోచేది.

మిద్దె రాములు, చుక్క సత్తయ్య (1935–2017) ఈ కళను పట్టణ వేదికలకు చేర్చారు. అది నిస్సందేహంగా గొప్ప సేవ. అయితే వేదిక గడియారాన్ని చూస్తుంది. రాత్రంతా చెప్పవలసిన కథను అరగంటకు కుదిస్తే డోలు విన్యాసం మిగులుతుంది. గొల్ల కేతమ్మ, మేడలమ్మల ముచ్చట్లు జారిపోతాయి. మన కళాశాలలు వార్షికోత్సవంలో బహుమతి ప్రదానాల నడుమ ఒగ్గు బృందాన్ని ఇరికించక, వారికొక పూర్తి రాత్రిని కేటాయించాలి.