మతమునకు సింహాసనమేల?

టెక్కలి పలాసలకు తూర్పున సముద్రపుటొడ్డున నున్న ఉద్దానపు పల్లెలలో, గల్ఫు దేశములకు కొడుకునో అల్లునో పంపని వీధి అరుదు. కొబ్బరియు జీడియు కుటుంబమును పోషింపజాలనప్పుడు, విశేషించి 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను తోటలను కూల్చిన పిమ్మట, వెల్డింగో పైపు ఫిట్టింగో నేర్చి విమానమెక్కుట ఇచ్చటివారికి బ్రతుకుతెరువైనది. అట్టి ఇండ్ల అరుగుల మీదనే నేను తరచుగా వినుమాట యొకటి కలదు: "సున్నీలూ షియాలూ పధ్నాలుగు వందల ఏళ్ల నుంచీ కొట్టుకుంటున్నారు. అది వాళ్ల రక్తంలోనే ఉంది. మనకెందుకండీ?" ఈ మాట యనువారు చదువుకొన్నవారు. కావుననే దీనిని ఖండింపవలసి వచ్చినది.

చీలిక ప్రాచీనమే. 632లో ప్రవక్త కాలధర్మము నొందిన పిదప నాయకత్వ మెవరికి చెందవలెనను వివాదమున నది పుట్టెను. 680లో కర్బలా యుద్ధమున హుస్సేను హతుడగుటతో మానని గాయమయ్యెను. కాని చీలిక వేరు, శత్రుత్వము వేరు. నామము ధరించు వియ్యంకుడును విభూతి ధరించు వియ్యంకుడును ఒకే పెండ్లిపందిట కూర్చుండుట మనము చూచుట లేదా?

దూరదేశముల కేగనేల? మన శ్రీకాకుళమునే చూతము. ఇది గోలకొండ కుతుబ్ షాహీల యేలుబడిలోని సర్కారు. ఇచ్చటి జుమ్మా మసీదు 1641లో వారి కాలముననే వెలసినది. ఆ సుల్తానులు షియాలు. వారిలో కడపటివాడగు తానీషా కొలువున అక్కన్న మాదన్నలు మంత్రాంగము నడపిరి. ఆ రాజ్యమును 1687లో కూల్చినవా డెవడు? సున్నీ చక్రవర్తియగు ఔరంగజేబు. సుల్తాను పెడమార్గమున నున్నాడనియు, బ్రాహ్మణ మంత్రికి అధికార మిచ్చెననియు నిందలు మోపబడెను. అయితే, సాటి ముస్లిం రాజ్యములపై దండెత్తుట ధర్మసమ్మతము కాదని చెప్పి, ఆ చక్రవర్తి ఖాజీయే పదవిని వదలుకొనెను! ధర్మశాస్త్ర మెరిగినవాడు వలదన్నాడు. గోలకొండ ధనాగార మెరిగినవాడు కావలెనన్నాడు. వీరిలో మతావేశ మెవరిదో పాఠకులే నిర్ణయింతురు గాక.

పిదప హైదరాబాదు నేలిన నిజాములు సున్నీలు. అయినను మొహర్రము పదియవ నాడు బీబీ కా ఆలం ఏనుగు మీద ఊరేగుట మానలేదు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి స్మృత్యర్థము షియాల శోకసభలకై అజాఖానా జెహ్రాను కట్టించెను. తెలంగాణ పల్లెలలో పీర్ల నెత్తువారు అనేకులు హిందువులే. నిజాము పాలనను నేను మెచ్చుకొనుట లేదు. రజాకార్ల దురాగతములను మరచినవాడను గాను. పగ రక్తములోనే యున్నచో ఈ ఊరేగింపు ఎట్లు సాగెనని మాత్రమే నా ప్రశ్న.

మతము ప్రభుత్వమైనప్పుడు జరుగునది వేరు. మతమును రాజ్యాంగముగా చేయగానే, ఆ మతమన నేమి యని దొరతనమువారు నిర్ణయింపవలసి వచ్చును. పాకిస్తానమును చూడుడు. దాని స్థాపకుడగు జిన్నాయే షియా ఖోజా కుటుంబమున పుట్టినవాడు. 1953 నాటి పంజాబు అల్లర్లను విచారించిన న్యాయమూర్తులు ఉలేమాలను పిలిపించి ముస్లిమన నెవడని యడిగిరి. ఏ యిద్దరి జవాబును ఒక్కటి కాలేదని 1954 నివేదికలో వ్రాసిరి. పండితులకే తేలని యీ ప్రశ్నను 1974లో శాసనసభ తేల్చి, అహ్మదీలు ముస్లిములు కారని రాజ్యాంగమున చేర్చెను.

1980లో జియా ఉల్ హక్, బ్యాంకులలోని పొదుపు ఖాతాలనుండి నూటికి రెండున్నర చొప్పున జకాతును ప్రభుత్వమే మినహాయించునని శాసించెను. దానము పన్నుగా మారెను. ఇది తమ ధర్మశాస్త్రమునకు విరుద్ధమని షియాలు వేలకొలదిగా ఇస్లామాబాదున చేరి నిలదీయగా, షియానని ప్రమాణపత్ర మిచ్చినవారికి మినహాయింపు దొరకెను. ఆ మీదట జరిగిన వింత వినుడు: డబ్బు మిగులునని కొందరు సున్నీలును షియాలమని కాగితములు వ్రాసి యిచ్చిరి! భక్తిని పెంపొందింప బూనిన శాసనము అబద్ధమును పెంపొందించెను. అంతవరకు పొరుగువాడు షియాయో సున్నీయో పట్టించుకొనని వీధిలో, ఇప్పుడది బ్యాంకు గుమాస్తా చిట్టాలో కెక్కెను. 2013లో క్వెట్టాలో హజారా షియాలను బాంబులతో చంపినవారికి ఇట్టి చిట్టాల అవసరము లేకపోవచ్చును. కాని, పొరుగువాని మతమును తూచుట దొరతనమే నేర్పెను.

ఇరానులో షియాలదే రాజ్యము గదా, అచ్చట షియాలైనను సుఖపడిరా? 1979 విప్లవానంతర రాజ్యాంగమున పన్నిద్దరు ఇమాముల షియా మార్గమే రాజమతమనియు, ఈ అధికరణము ఎన్నటికిని మార్పరానిదనియు వ్రాసికొనిరి. సున్నీ పౌరుడు అధ్యక్షుడు కాజాలడు. సరే, షియాల మాట యేమి? మతగురువునకు సర్వాధికార మీయరాదన్న ఆయతుల్లా షరీయత్మదారి వారిలో అగ్రగణ్యుడగు పండితుడు. 1982లో ఆయన మతగౌరవమునే ఊడలాగి ఇంట బంధించిరి. 2022 సెప్టెంబరులో, తలగుడ్డ సరిగా లేదని పట్టుకొనిపోబడిన మహసా అమీని, ఇరువదిరెండేండ్ల యువతి, నిర్బంధములోనే మరణించెను. ఆడపిల్లలు గల తల్లిదండ్రులు ఈ వాక్యమును మరియొకమారు చదువగోరెదను.

ఇక 'పధ్నాలుగు వందల ఏళ్ల' మాట. 2016 జనవరిలో సౌదీ ప్రభుత్వము షియా గురువు నిమ్ర్ అల్ నిమ్ర్‌కు మరణశిక్ష నమలుపరుపగా, టెహరానులో సౌదీ రాయబార కార్యాలయమునకు నిప్పంటించిరి. రాజ్యములు రెండును సంబంధములు తెంచుకొనెను. 2023 మార్చిలో చైనా మధ్యవర్తిత్వమున బీజింగులో చేవ్రాళ్లు చేసి మరల కలిసికొనెను. రక్తములోని పగ రెండు చేవ్రాళ్లతో చల్లారునా? 1980 మొదలు ఎనిమిదేండ్లు ఇరానుతో పోరి మడిసిన ఇరాకు సైనికులలో ఎందరో షియాలే. పాలకులు కావలెనన్నప్పుడు రాజుకొని, వలదన్నప్పుడు ఆరు మంట యిది.

మనకేల యందురా? ఆ మంటలో కాలినవారిలో మనవారును గలరు. షియాలను కాఫిరులని ఊచకోత కోసిన ఐసిస్ మూక 2014లో మోసులున చేజిక్కించుకొన్న 39 మంది భారతీయ కూలీలను చంపినది. 2015లో హౌతీలపై సౌదీ విమానములు యెమెనున బాంబులు కురియగా, మన ఓడలును విమానములును 4,600కు పైబడిన భారతీయులను తరలించి తెచ్చెను. ఉద్దానపు బిడ్డ దమ్మాములో పనిచేయుచుండగా, ఆ పగ ఎవరు రాజేయుచున్నారో తెలిసికొనుట తల్లికి అక్కరలేని విద్యయా?

ఇదంతయు చదివి, ముస్లిముల గతి యింతేయని సంతసించువారు మనలో నుందురు. మన మతమును గద్దె నెక్కింపగోరువారును వారే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు, హిందువులే హిందువులను వెలివేసిరి. చాకలి రాలేదు, పురోహితుడు రాలేదు. పెండ్లి మాత్రము జరిగెను. ఏలన, పందిరి వాకిట పోలీసులు పెండ్లివారికి కాపలా యుండిరి. ఆ పోలీసులు వెలివేసినవారి యాజ్ఞకు లోబడినవారే అయి యుండినచో, ఆ పీటల మీద కూర్చున్న వధువు నెచ్చటికి గొనిపోయి యుందురో వారే చెప్పవలెను.